పంతొమ్మిది డాలర్ల స్కోపు

మన ఫీల్డులో స్కోప్ అంటే ప్రాజెక్టు స్కోపే. క్లయింటు మొదట ఒకటి అడుగుతాడు, మధ్యలో ఇంకో నాలుగు తగిలిస్తాడు, బడ్జెట్టు మాత్రం అంగుళం కదలదు. ఈ టపాలో స్కోపు అది కాదు. రైఫిల్ మీద బిగించే చిన్న దుర్భిణి. కానీ దాని చరిత్ర చదువుతున్న కొద్దీ నాకు మన మీటింగులే గుర్తొచ్చాయి. ఉన్న డబ్బుల్లో ఏది ఉంచాలి, ఏది పీకెయ్యాలి అన్నదే రెండు చోట్లా గొడవ.

ఇందులోకి నేనెలా దిగానంటే, మా టీములో టెక్సస్ ఆయన ఒకరున్నారు. నెలకో శనివారం .22 రైఫిల్ పోటీలకి వెళ్తుంటారు. మూడొందల డాలర్లలో స్కోపు కొనాలని ఒక ఎక్సెల్ షీటు తయారు చేసుకుని, "కెమెరా కొనడానికి ఆర్నెల్లు పోలికలు చూసే మనిషివి కదా, ఇది కాస్త చూడు" అని నాకు పంపారు. పన్నెండు స్కోపులు, పాతిక కాలమ్స్. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు కటకం ఎన్ని మిల్లీమీటర్లు, గొట్టం లావెంత, లోపల లైటుందా, బరువెంత, వారంటీ ఎన్నాళ్ళు... అన్నీ ఉన్నాయి. నాబ్‌ని అటు తిప్పి మళ్ళీ ఇటు తిప్పితే గురి మొదటి చోటికే తిరిగొస్తుందా అన్న కాలమ్ మాత్రం లేదు. డబ్బా మీద అది ఎవరూ రాయరు కాబట్టి షీట్లోకీ రాలేదు.

ఈ టపా అంతా ఆ లేని కాలమ్ గురించే. అది ఎందుకంత ముఖ్యమో, చవక స్కోపుల్లో అదే ఎందుకు ఎప్పుడూ దొరక్కుండా పోయిందో తెలియాలంటే దాదాపు 380 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఓపిక ఉన్నవాళ్ళు నాతో రండి. లేనివాళ్ళు చివర్లో ఉన్న జాబితాకి దూకెయ్యొచ్చు :-)

ముందు ఆట సంగతి

రిమ్‌ఫైర్ అంటే తూటా అడుగున ఉండే అంచులోనే మందు ఉంటుంది. తుపాకీ సుత్తి ఆ అంచుని చితక్కొడితే పేలుతుంది. .22 లాంగ్ రైఫిల్ అనే తూటా ఈ జాతిదే. చిన్నది, చవకైనది, భుజానికి దెబ్బ తెలియనిది. ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో వాడేదీ ఇదే. కాకపోతే ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో దుర్భిణి నిషిద్ధం. 2012 లండన్లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం గెలిచింది కూడా చిన్న కన్నంలోంచి గురి చూసే పద్ధతిలోనే, కటకాల సాయం లేకుండా.

అమెరికాలో మాత్రం దుర్భిణితో ఆడే .22 పోటీలకి వేరే సంప్రదాయం ఉంది. 2017 ప్రాంతంలో ఎన్.ఆర్.ఎల్.22 అని ఒకటి మొదలైంది. ఊరూరా క్లబ్బులు నెలకోసారి ఒకే పరీక్ష పెట్టుకుంటాయి. 25 గజాల నుంచి 100 గజాల దాకా రకరకాల దూరాల్లో చిన్న చిన్న ఇనప బిళ్ళలు వేలాడదీస్తారు. నిచ్చెన మీద, డబ్బా మీద, మోకాలి మీద రైఫిల్ ఆనించి టైము అయిపోయేలోపు వాటిని కొట్టాలి. కొన్ని బిళ్ళలు అంగుళం కూడా ఉండవు. కొత్తవాళ్ళు భయపడకుండా ఉండాలని రైఫిలూ స్కోపూ కలిపి సుమారు వెయ్యి డాలర్ల దగ్గర గీత గీసి, ఆ లోపు సరుకుతో ఆడేవాళ్ళకి విడిగా ఒక తరగతి కూడా పెట్టారు. అంటే చవక అన్నది అక్కడ లోటు కాదు, ఆట నియమం.

ఇప్పుడు లెక్క చూడండి. పోటీల్లో వాడే .22 తూటా సెకనుకి సుమారు 1,070 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. శబ్దం కంటే కాస్త నెమ్మది. 50 గజాలకి గురి సరిచేసి పెట్టుకుంటే 100 గజాల దగ్గర ఆరేడు అంగుళాలు కిందకి పడిపోతుంది. గంటకి పది మైళ్ళ అడ్డగాలి ఉంటే మూడు నాలుగు అంగుళాలు పక్కకి పోతుంది. బిళ్ళేమో అంగుళం. కాబట్టి ప్రతి దూరానికీ నాబ్ తిప్పి గురి మార్చుకోవాలి. ఒక్క రౌండులోనే ఐదారుసార్లు పైకీ కిందకీ తిప్పాల్సి రావచ్చు.

మన భాషలో చెప్పాలంటే వేటగాడి స్కోపు హార్డ్‌కోడ్ చేసిన విలువ. ఒక్కసారి సెట్ చేసి మూత బిగించేస్తాడు, ఏడాదంతా దాన్ని ముట్టుకోడు. పోటీవాడిది రన్‌టైములో మారే విలువ. మార్చాలి, కచ్చితంగా రోల్‌బ్యాక్ కావాలి, మళ్ళీ మార్చాలి. ఈ తేడా మనసులో పెట్టుకోండి. తర్వాత చరిత్రంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సాలీడు చేసిన సాయం

1640 ప్రాంతంలో ఇంగ్లండులో లీడ్స్ దగ్గర విలియం గాస్కాయిన్ అనే ఖగోళ ప్రియుడు ఉండేవాడు. రెండు కుంభాకార కటకాలతో చేసిన కెప్లర్ తరహా దుర్భిణితో ప్రయోగాలు చేస్తుంటే లోపలికి సాలీడు దారి చేసుకుందట. ఆయన కన్ను పెట్టి చూసేసరికి దూరంలో ఉన్న వస్తువుతో పాటు సాలెదారం కూడా స్పష్టంగా కనిపించింది.

ఇందులో మాయేమీ లేదు. గెలీలియో తరహా దుర్భిణిలో బొమ్మ గొట్టం లోపల ఎక్కడా ఏర్పడదు. కెప్లర్ తరహాలో రెండు కటకాల మధ్య ఒకచోట నిజమైన ప్రతిబింబం నిలబడుతుంది. సరిగ్గా ఆ తలంలో దారం పడితే అది బొమ్మలో భాగమైపోతుంది. గాస్కాయిన్ అక్కడితో ఆగలేదు. సన్నని మరల స్క్రూ తిప్పితే రెండు అంచులు దగ్గరకీ దూరానికీ జరిగే మైక్రోమీటరు కూడా చేశాడు. దాంతో సూర్యచంద్రుల వ్యాసాలు కొలిచాడు. 1644లో ఇంగ్లీషు అంతర్యుద్ధంలో, మార్‌స్టన్ మూర్ దగ్గర చనిపోయాడు. ముప్పైలు దాటని మనిషి.

గమనించారా? దుర్భిణి, గురి గీతలు, గీతల్ని కొలిచినంత మేర జరిపే స్క్రూ... ఈ మూడూ 1640 నాటికే ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి. అవే గీతలు తర్వాత థియోడలైట్లలోకి వెళ్ళాయి. 1802లో లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన గ్రేట్ ట్రిగనమెట్రికల్ సర్వే మన దేశాన్ని కొలిచింది ఆ గీతలతోనే. సివిల్ బ్రాంచి మిత్రులు సర్వే ల్యాబులో ఒంటికన్నుతో చూసింది కూడా వాటినే.

మరి తుపాకీ మీదకి రావడానికి ఇంకో రెండొందల ఏళ్ళు ఎందుకు పట్టింది? థియోడలైటు ముక్కాలి పీట మీద కదలకుండా కూర్చుంటుంది. తుపాకీ తన్నుతుంది. ప్రతి పేలుడుకీ దారాలూ కటకాలూ స్క్రూలూ అదురుతాయి. అదిరినా ఉన్నచోటే ఉండాలి. దూరంగా చూడటం ఎప్పుడో తీరిపోయిన సమస్య. అదిరాక కూడా నిలబడటం అసలు సమస్య. ఇది నేను కనిపెట్టిన సత్యమేం కాదు, కానీ స్కోపు కొనేవాళ్ళు చాలామంది మొదటిదానికే డబ్బులిచ్చి రెండోదాన్ని మర్చిపోతారు.

గొట్టం బయట మరలు

1840ల నాటికి అమెరికాలో ఆ పని మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలో యూటికా ఊరి తుపాకుల మేస్త్రీ మోర్గన్ జేమ్స్, సివిల్ ఇంజినీరు జాన్ చాప్మన్ కలిసి రైఫిల్ దుర్భిణి రూపొందించారు. చాప్మన్ రైఫిల్ మీద రాసిన పుస్తకంలో దాని సంగతులున్నాయి. సివిల్ ఇంజినీరు అన్న మాట చూశారుగా, మళ్ళీ సర్వే వాసనే. 1855లో అదే రాష్ట్రం సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ ఇంకాస్త మంచి కటకాలతో స్కోపులు చెయ్యడం మొదలుపెట్టాడు. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంలో ఇలాంటివి వాడారు. దాదాపు తుపాకీ గొట్టమంత పొడుగు, ఒక్కొక్కటీ చేత్తో చేసినది, ధరా అలాగే ఉండేది.

ఈలోగా .22 తూటా తన దారిన పెరుగుతోంది. 1845లో ఫ్రాన్సులో ఫ్లోబెర్ ఇంట్లో సరదాగా కాల్చుకునే చిన్న తూటా చేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ .22 షార్ట్ తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ .22 లాంగ్ రైఫిల్ తెచ్చింది. ఇప్పటికీ అదే తూటా. 1887 నాటి ఇంటర్‌ఫేసు ఇంకా బ్రేక్ అవ్వకుండా నడుస్తోందంటే మనవాళ్ళు సిగ్గుపడాలి :-)

స్టీవెన్స్ వాళ్ళే 1901లో బఫెలో ఊళ్ళో ఒక చిన్న దుర్భిణుల కంపెనీని కొనేసి స్కోపులు కూడా అమ్మసాగారు. 1910 ప్రాంతంలో వించెస్టర్ వాళ్ళ ఏ5 వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక .22 పోటీలకి ఊపొచ్చింది. 1919లో న్యూజెర్సీలోని కాల్డ్‌వెల్ పోటీల్లో వించెస్టర్ మోడల్ 52 రైఫిల్ కనిపించింది. అప్పట్నుంచి కొన్ని దశాబ్దాల పాటు .22 పోటీ అంటే అదే. ఫెకర్, తర్వాత 1930ల్లో అతని దగ్గర పనిచేసి బయటికొచ్చిన జర్మన్ వలస పనివాడు జాన్ అన్‌ఎర్టల్, ఈ ఆట కోసమే పొడుగాటి స్కోపులు చేశారు. ఇద్దరూ పిట్స్‌బర్గ్ వాళ్ళే.

ఈ తరం స్కోపుల్లో ఒక ప్రత్యేకత ఉంది. లోపల ఏమీ కదలదు! గురి మార్చే మరలన్నీ బయట, గొట్టాన్ని పట్టుకునే క్లాంపుల్లో ఉంటాయి. నాబ్ తిప్పితే మొత్తం స్కోపే పైకో పక్కకో ఒరుగుతుంది. తుపాకీ తన్నినప్పుడు స్కోపు క్లాంపుల్లో ముందుకి జారుతుంది, ఆడేవాడు ప్రతి గుండు తర్వాతా చేత్తో వెనక్కి లాక్కోవాలి. చూడ్డానికి మోటుగా ఉంటుంది కానీ లెక్క మాత్రం గట్టిది. మర బయట ఉంది కాబట్టి పెద్దగా, లావుగా, మైక్రోమీటరు అంత సూక్ష్మంగా చెయ్యొచ్చు. అదురు దెబ్బ మర మీద పడకుండా జారుడు మింగేస్తుంది. తిప్పింది తిప్పినట్టు వస్తుంది, వెనక్కి తిప్పితే వెనక్కి వస్తుంది.

అంటే ఇంకా వందేళ్ళ కిందటే మన లేని కాలమ్ నిండుగా ఉందన్నమాట. కానీ అది మామూలు జీతగాడికి అందే ధర కాదు. అడవిలోకో పొలంలోకో తీసుకెళ్ళే సున్నితం కూడా కాదు.

పంతొమ్మిది డాలర్లు

ఇక్కడ నాకు నచ్చిన మనిషి వస్తాడు. విలియం రాల్ఫ్ వీవర్, అందరూ బిల్ వీవర్ అనేవాళ్ళు. 1930లో, ఆర్థిక మాంద్యం నోరు తెరిచిన రోజుల్లో, కెంటకీ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో 330 అనే స్కోపు చేశాడు. వయసు ఇరవై నాలుగు. తుపాకీకి బిగించే క్లాంపుతో సహా ధర 19 డాలర్లు. అప్పట్లో జర్మన్ స్కోపు కొనాలంటే దీనికి ఎన్నో రెట్లు పెట్టాలి.

ఎలా సాధ్యమైంది? చవగ్గా చెయ్యడం అంటే అన్నిట్లోనూ కాస్త కాస్త తగ్గించడం అని చాలామంది అనుకుంటారు. వీవర్ అలా చెయ్యలేదు. ఏది వదులుకోవచ్చో తేల్చుకుని దాన్ని పూర్తిగా వదిలేశాడు. పది పదిహేను రెట్లు పెద్దగా చూపించే పని వదిలేశాడు, 330 చూపించేది మూడు రెట్ల కంటే తక్కువే. లావు గొట్టం వదిలేసి ముప్పావు అంగుళం స్టీలు గొట్టం తీసుకున్నాడు. మైక్రోమీటరు క్లాంపుల్ని వదిలేసి రేకుతో అచ్చుగుద్దిన క్లాంపులు పెట్టాడు. గురి సర్దే మరల్ని గొట్టం లోపలికి తెచ్చి, స్కోపుకి బదులు లోపలున్న గీతలే కదిలేలా చేశాడు. వేటకి వెళ్ళే రైతుకి కావాల్సింది అంతే. గీతా జింకా ఒకే తలంలో స్పష్టంగా కనబడితే చాలు. నాబ్‌ని ఏడాదికోసారి తిప్పుతాడు.

1933లో వీవర్ టెక్సస్‌లోని ఎల్ పాసోకి మకాం మార్చాడు. అక్కడే ఫ్యాక్టరీ పెరిగి పెద్దదైంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి హడావుడిగా స్నైపర్ స్కోపులు కావాల్సి వస్తే వీవర్ 330సీనే ఎం73బి1 అని పేరు మార్చి ఎం1903ఎ4 రైఫిల్ మీద పెట్టుకుంది. వేటకి చేసినదాన్ని యుద్ధంలో దించితే ఏమవుతుందో అదే అయింది. రెట్లు చాలలేదు, తేమ లోపలికి పోయింది. మన దగ్గర డెమో కోసం రాసిన కోడు ప్రొడక్షన్‌కి పోయినట్టు. తప్పు వీవర్ది అనను. వదిలేసినవాటి జాబితా ఆయన దగ్గర ఉంది, కొన్నవాళ్ళు దాన్ని అడగలేదు.

తేమ పనిని పట్టించుకున్నది ఆరెగాన్ రాష్ట్రం లుపోల్డ్ కంపెనీ. 1907లో సర్వే పరికరాలు బాగుచేసే దుకాణంగా మొదలైన సంస్థ (మళ్ళీ సర్వే!). మార్కస్ లుపోల్డ్ జింకకి గురి పెడితే స్కోపులో ఆవిరి పట్టి కనిపించలేదనీ, ఆ కోపంలోంచి పుట్టిందనీ ఒక కథ చెప్తారు. ఏమైతేనేం, 1947లో వాళ్ళు తెచ్చిన ప్లెయిన్స్‌మన్ స్కోపుతో లోపలి గాలి తీసేసి నైట్రోజన్ నింపి సీలు చేసే పద్ధతి జనంలోకి వచ్చింది. 1935లో జర్మనీలో జైస్ కంపెనీ శాస్త్రవేత్త స్మాకులా కనిపెట్టిన కటకాల పూత కూడా యుద్ధం తర్వాత అందరికీ చేరింది. బొమ్మ వెలుగు పెరిగింది.

వీవర్ తరం స్కోపులో ఇంకో చిక్కు కూడా ఉండేది. గీతలే కదులుతాయి కాబట్టి గురి సర్దాక అవి అద్దం మధ్యలో కాకుండా ఒక మూలకి కనబడేవి. 1950ల తర్వాత దీనికి మందు దొరికింది. లోపల ఇంకో చిన్న గొట్టం పెట్టి, ఒకవైపు స్ప్రింగు, రెండోవైపు నాబ్ స్క్రూ. నాబ్ తిప్పితే స్క్రూ లోగొట్టాన్ని నెడుతుంది, వెనక్కి తిప్పితే స్ప్రింగు దాన్ని తిరిగి తోస్తుంది. గీత ఎప్పుడూ మధ్యలోనే కనిపిస్తుంది. ఇప్పటికీ దాదాపు ప్రతి స్కోపు లోపలా ఇదే యంత్రాంగం.

ఆ స్ప్రింగు దగ్గరే మన కాలమ్ పోయింది. స్ప్రింగు బలహీనమైనా, లోగొట్టం ఇరుక్కున్నా నాబ్ "టిక్కు" అంటుంది కానీ లోపల కదలిక ఉండదు. తర్వాతి గుండు అదురుకి హఠాత్తుగా కదులుతుంది. అందుకే పాతకాలపు వాళ్ళు నాబ్ తిప్పాక స్కోపుని వేలితో నాలుగుసార్లు తట్టేవాళ్ళు. వేటగాడికి దీనివల్ల నష్టం లేదు, నాలుగు గుళ్ళు ఎక్కువ కాలుస్తాడు, గురి కుదిరాక మూత పెట్టేస్తాడు. మార్కెట్లో తొంభై శాతం అతని లాంటి వాళ్ళే అయితే (అంకె నాది, ఊరికే మాటవరసకి) మంచి స్ప్రింగుకి ఇంకో పది డాలర్లు ఎవడు పెడతాడు? 1962లో లుపోల్డ్ తెచ్చిన డ్యూప్లెక్స్ గీతలు కూడా వేటగాడి కోసమే. అంచుల్లో లావు, మధ్యలో సన్నం, చీకట్లో కన్ను త్వరగా పట్టుకుంటుంది.

ఇక .22కి వచ్చిన స్కోపులైతే మరీ అన్యాయం. నాలుగు రెట్లు, 15 మిల్లీమీటర్ల ముందు కటకం, సన్న గొట్టం. పిల్లల రైఫిల్ మీద ఉచితంగా వచ్చినట్టుండే సరుకు. పోటీ ఆడేవాడికి ఒకవైపు అన్‌ఎర్టల్, ఇంకోవైపు ఈ బొమ్మ. మధ్యలో ఏమీ లేదు.

ఎల్ పాసో తాళం

తర్వాత కథ మనకి బాగా తెలిసినదే, పాత్రలు వేరు. డేవిడ్ బుష్నెల్ 1948 నుంచి జపాన్ బైనాక్యులర్లు దిగుమతి చేసి అమ్మాడు, తర్వాత స్కోపులూ అమ్మాడు. 1954లో ఫ్లోరిడాలో మొదలైన టాస్కో కూడా అదే దారి. జపాన్ కార్మికుడి జీతం తక్కువ, చేతి పని మాత్రం తక్కువ కాదు. అమెరికా మధ్యతరగతి ఇంటికి నిజంగా మంచి కటకం అందే ధరకి వచ్చింది అప్పుడే. వీవర్ తన కంపెనీని ఆలిన్ అనే పెద్ద సంస్థకి అమ్మేశాడు. 1975లో కన్నుమూశాడు. 1984లో ఎల్ పాసో ఫ్యాక్టరీకి తాళం పడింది. తర్వాత వీవర్ పేరుతో అమ్మిన స్కోపులు జపాన్లో తయారయ్యాయి.

జపాన్ కూడా అక్కడే ఆగలేదు. 1985 ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ విలువ ఎగబాకింది, చవక ఆర్డర్లు కొరియాకీ, ఫిలిప్పీన్స్‌కీ, చైనాకీ జరిగాయి. టాస్కో 2002లో మూతపడి, పేరు మాత్రం బుష్నెల్ చేతికి పోయింది.

మనం ఎల్ పాసో కథని చదివేటప్పుడు ఒక వైపే చూడటం కుదరదు. చౌకగా పని ఎటు పోతుందో అటు నుంచి వచ్చిన ఉద్యోగాలతో ఇళ్ళు కట్టుకున్న తరం మనది. ఆ పని మన దగ్గర్నుంచి ఇంకో చోటికి పోతుందేమో అని రాత్రుళ్ళు లెక్కలేసుకునేదీ మన తరమే. మూడొందల డాలర్ల స్కోపు ఎవరికో వరం. అదే స్కోపు ఎల్ పాసోలో ఎవరి జీతమో. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ళ మాట నేను నమ్మను.

వీవర్ మాత్రం పూర్తిగా పోలేదు. స్కోపు బిగించడానికి ఆయన పెట్టిన అడ్డ గాళ్ళ పట్టీ నమూనాయే కొంచెం మారి, 1995లో అమెరికా సైన్యం ప్రమాణంగా రాసుకున్న పికాటిన్నీ పట్టీ అయింది. ఇవాళ పోటీకొచ్చే .22 రైఫిల్స్ చాలావాటి నెత్తిన ఆ పట్టీయే.

కాలమ్ తిరిగొచ్చింది

1970ల చివర్లో అమెరికా మెరైన్ల కోసం మిల్-డాట్ గీతలు వచ్చాయి. గీతల మీద సమదూరంలో చుక్కలు, వాటితో దూరం అంచనా వెయ్యొచ్చు, గురి జరపొచ్చు. ఒక మిల్ అంటే వెయ్యిలో ఒక వంతు కోణం. 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 100 గజాల దగ్గర 3.6 అంగుళాలు. మన మెట్రిక్ బుర్రలకి హాయి. 2012లో ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ మొదలయ్యాక దూరాన్ని బట్టి నాబ్ తిప్పే ఆట పౌరుల్లోకి వచ్చింది. ఆ తర్వాత .22 పోటీలు వచ్చాయి.

అప్పటిదాకా నాబ్‌ని నిజంగా తిప్పే కొనుగోలుదారులు కొద్దిమంది సైనికులూ, లక్ష్య పోటీలవాళ్ళూ. ఒక్కసారిగా అలాంటివాళ్ళు వేలల్లో తయారయ్యారు, వాళ్ళ జేబులు మామూలువి. రోజంతా తిప్పి, తిరిగి రాకపోతే పక్కవాడికి చెప్తారు. దాంతో చైనా ఫ్యాక్టరీలకి కూడా మంచి స్ప్రింగు పెట్టాల్సిన అవసరం వచ్చింది. రెండు మూడొందల డాలర్ల స్కోపులో నమ్మదగిన నాబ్ దొరకడం వెనక నేను చూసిన కారణం ఇదే. సాంకేతికం 1640ది. మారింది అడిగేవాళ్ళ సంఖ్య.

కాబట్టి ఆ షీట్లో కాలమ్స్‌ని నేను ఇలా తిరగరాశాను. పైనుంచి కిందకి ప్రాధాన్యం.

1. తిరిగి రావడం. కొన్నాక ఇంట్లోనే పరీక్షించొచ్చు, గుండు అక్కర్లేదు. స్కోపుని కదలని చోట బిగించండి. సరిగ్గా 100 గజాల దూరంలో కొలబద్ద నిలబెట్టండి. 10 మిల్స్ పైకి తిప్పితే గీత 36 అంగుళాలు జరగాలి. వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. పదిసార్లు చెయ్యండి. ఇది రిగ్రెషన్ టెస్టు. వాపసు గడువు లోపలే చెయ్యండి.

2. పారలాక్స్ సర్దుబాటు. గాస్కాయిన్ సాలెదారం పాఠం ఇదే. బొమ్మా గీతా ఒకే తలంలో లేకపోతే కన్ను కాస్త పక్కకి జరిగినా గురి జరుగుతుంది. 100 గజాలకి స్థిరంగా పెట్టేసిన 40 మిల్లీమీటర్ల స్కోపుతో 25 గజాల బిళ్ళని కొడుతున్నారనుకోండి. కన్ను పూర్తిగా అంచుకి పోతే 20 మిల్లీమీటర్లలో మూడొంతులు, అంటే 15 మిల్లీమీటర్లు తప్పుతుంది. అర అంగుళం పైనే. బిళ్ళే అంగుళం కదా, మధ్యలో గురి పెట్టినా అంచు దాటిపోతుంది. నిచ్చెన మీద వంకరగా వాలి కాల్చే ఆటలో కన్ను మధ్యలోనే ఉంటుందని అనుకోలేం. 25 గజాల దాకా కిందకి సర్దుకోగలిగినదే కొనాలి.

3. గీతలూ నాబూ ఒకే కొలతలో ఉండాలి. గీతలు మిల్‌లో, నాబ్ ఎంఓఏలో ఉన్న పాత చవక స్కోపులు బోలెడు. కిలోమీటర్లు మైళ్ళు కలిపి ఉపగ్రహం పంపినట్టు అవుతుంది.

4. బిగించే రింగులూ పట్టీ. మూడొందల స్కోపుని పది డాలర్ల రింగుల్లో పెడితే ఒకటో నంబరు వృథా.

5. ఇక వదులుకోదగినవి. 25 రెట్లు అక్కర్లేదు, 12 నుంచి 16 చాలు. గీతలకి లైటు అక్కర్లేదు, పోటీ పగలే. 34 మిల్లీమీటర్ల లావు గొట్టం అక్కర్లేదు, ఎందుకంటే 50 నుంచి 100 గజాలకి మారడానికి సుమారు రెండు మిల్స్ చాలు. రెట్లు మార్చినప్పుడు గీతలు కూడా బొమ్మతో పాటు పెరిగే రకం ఉంటే సౌకర్యం. లేకపోతే ఒకే రెట్టు మీద ఉంచి ఆడితే సరి. అద్దం అంచుల్లో బొమ్మ కాస్త మసకేసినా పర్లేదు, బిళ్ళ ఉండేది మధ్యలో.

మా ఆయన షీటులో 4వ, 5వ స్థానాల్లో ఉన్నవి, ఎక్కువ రెట్లు లేనివి, ఈ లెక్కలో పైకి వచ్చాయి. మొదటి స్థానంలో ఉన్నది, 24 రెట్లు చూపించేది, పారలాక్స్ దగ్గరే రాలిపోయింది.

బ్రాండు పేర్లు కావాలని చెప్పడం లేదు. మోడళ్ళు ఏటా మారతాయి, నేను చెప్పిన పేరు మీరు చదివేసరికి పాతబడుతుంది. కొలబద్ద పరీక్ష మాత్రం పాతబడదు.

బిల్ వీవర్ దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే. పంతొమ్మిది డాలర్లలో అన్నీ ఇస్తానని ఆయన అనలేదు. ఎవరికోసం చేస్తున్నాడో వాళ్ళకి అక్కర్లేనివి తీసేశాడు, కావాల్సింది ఉంచాడు. చవక వస్తువు నాసిరకం అవ్వాలని రూలేం లేదు. ఎవరికోసం చేశారో వాళ్ళు కాక ఇంకొకరు కొన్నప్పుడే అది నాసిగా కనబడుతుంది. వేటగాడి కోసం ఆదా చేసిన స్ప్రింగుని పోటీవాడు కొంటే తప్పు ధరది కాదు. కొనే ముందు "ఇది చవగ్గా రావడానికి ఏం తీసేశారు?" అని అడగండి. స్కోపుకైనా, సాఫ్టువేరుకైనా.

తాజా కలం: అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రెండు జాగ్రత్తలు. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, లాయర్ని అడక్కుండా ముందుకెళ్ళకండి. రెండోది, రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ కిందకి వస్తాయి. ఊళ్ళో బావమరిది ఎయిర్ గన్‌కి పనికొస్తుంది కదా అని సూట్‌కేసులో పడేసుకోకండి.